రంజన్ చెమట

మా బోథ్‌లో ఎండాకాలం వచ్చిందంటే కూలర్‌కు కొత్తల్లుడి మర్యాద. మార్చిలోనే దించి, తుప్పు గీకి, కొత్త గడ్డి వేయించి కిటికీకి ఆనించి నిలబెడతాం. పొచ్చెర జలపాతం కూడా సన్నబడే మే నెలలో, ఎండ 44, 45 డిగ్రీలకు పోయిన రోజుల్లో, ఇంటిపెద్ద అదే. బకెట్లతో నీళ్లు మోయడం మిగతావాళ్ల ఉద్యోగం.

మృగశిర కార్తె, మా మిరుగం, కూడగానే ఆ మర్యాద చెడుతుంది. నాలుగు చినుకులు పడతాయి, ఉప్పు గడ్డకడుతుంది, అప్పడం మెత్తబడుతుంది. కూలర్ మాత్రం అదే ఊపుతో తిరుగుతుంది. గాలి తగులుతుంది గానీ ఒంటి మీద చెమట ఆరదు. పైగా మిరుగం రోజు చేపల కూర తప్పదాయె. మూసిన గదిలో దాని వాసన మరునాటి దాకా మాతోనే కాపురం చేస్తుంది. ఇంత జరిగినా మేం చేసేది ఒకటే, కూలర్‌లో ఇంకో బకెట్ పోస్తాం.

మా అమ్మ కూలర్ దిక్కు చూసేది కాదు. వెళ్లి తాగునీళ్ల మట్టి రంజన్ మీద చెయ్యి పెట్టేది. రంజన్, కూలర్, మన ఒళ్లు, మూడింటిదీ ఒకే విద్య: నీరు ఆవిరవుతూ వేడిని పట్టుకుపోవాలి. లీటరు నీరు ఆవిరవడానికి అయిదారు లీటర్ల మంచునీళ్లను మరగకాచేంత వేడి కావాలి. అయితే ఆ ఆవిరికి గాలిలో చోటుండాలి. 43 డిగ్రీల ఎండలో తేమ 15 శాతమే ఉంటే, తడిగడ్డి దాటొచ్చే గాలి లెక్కప్రకారం 23 దాకా దిగగలదు. అదే 35 డిగ్రీలకు 70 శాతం తేమ ఉందా, చెరువంతా తెచ్చి పోసినా 30 కిందికి రాదు. గది మాత్రం తడిసి ముద్దవుతుంది.

"మోటర్ బంద్ పెట్టు బిడ్డా, ఉత్త ఫ్యాన్ నడవనీ. ఎదురు కిటికి తెరువు" అనేది అమ్మ. ఆ ఎదురు కిటికీ ఎండు రోజుల్లోనూ తెరిచే ఉండాలి. లోపలికొచ్చిన తడిగాలికి బయటికి దారి కావాలి కదా. చల్లదనం పారిపోతుందని తలుపులు బిగించడం ఏసీ నేర్పిన అలవాటు. ఏసీ గాలిలోంచి నీళ్లు పిండుతుంది, కూలర్ గాలికి నీళ్లు పడుతుంది. ఒక ఏడు మేం రెండూ కలిపి నడిపాం. ఇది పోసిన నీళ్లను అది గొట్టంలోంచి గోడ బయట బొట్టుబొట్టుగా పారబోసింది. ఇంట్లో హుషారుగా తిరిగింది కరెంటు మీటరొక్కటే.

మొన్న గోడకు తేమ చూపే చిన్న మీటరు తగిలించాను. జూన్‌లో ఒక పొద్దున 72 చూపిస్తే అమ్మకు గొప్పగా చెప్పాను.

"నాకు పొద్దుగాలనే ఎరుకాయె" అంది, రంజన్ కింద ఆరకుండా మడుగు కట్టిన నీళ్లను చీపురుతో ఊడుస్తూ.