అంకె చూసి ముఖం మార్చకండి

టైప్ 1 షుగర్ ఉన్న పిల్లల్ని తీసుకొచ్చే తల్లిదండ్రులు కూర్చోగానే నా ముందు నోట్‌బుక్కు పెడతారు. పొద్దున, మధ్యాహ్నం, రాత్రి రీడింగులన్నీ గళ్లు గీసి రాసి ఉంటాయి. నేను ముందు గ్లూకోమీటరు ఇమ్మంటాను. మీటరు మెమరీలో ఉన్న అంకెలకీ నోట్‌బుక్కులో ఉన్నవాటికీ పొంతన లేకపోతే ఆ ఇంట్లో ఏం జరుగుతోందో చాలావరకు తెలిసిపోతుంది.

బెంగళూరు హూడిలో నా దగ్గరికి రెండు రకాల తెలుగు కుటుంబాలు వస్తాయి. ఐటీపీఎల్ టెక్ పార్కు చుట్టుపక్కల కంపెనీల్లో పనిచేసే గుంటూరు, హైదరాబాదు దంపతులు. వాళ్లుండే అపార్టుమెంట్లు కట్టడానికి కదిరి, అనంతపురం వైపు నుంచి వచ్చి రేకుల షెడ్లలో ఉండే మేస్త్రీలు, కూలీలు. జబ్బు మాత్రం రెండిళ్లకీ ఒకటే. ఒంటిని కాపాడాల్సిన రక్షణ వ్యవస్థే క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసే బీటా కణాలను చంపేస్తుంది. ఇక ఇన్సులిన్ బయటినుంచి ఇవ్వాల్సిందే. స్వీట్లు పెట్టినందుకు రాదు, తల్లి కడుపుతో ఉన్నప్పుడు ఏదో తిన్నందుకూ రాదు. నాయనమ్మ కూడా వచ్చిన రోజు ఈ మాట ఇంకోసారి చెప్తాను. ఎందుకంటే నింద పడేది ఎప్పుడూ కోడలి మీదే.

పదమూడేళ్ల అబ్బాయి ఒకడు వచ్చాడు. నోట్‌బుక్కు నిండా 110, 118, 125. మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ మాత్రం 10.6. అది 7 దాటకుండా చూడాలని మా ప్రయత్నం. మీటరు చూస్తే 290, 340. కొన్ని రోజులు అసలు పరీక్షే లేదు. తండ్రి సాఫ్ట్‌వేర్ ఇంజనీరు. కొడుకు చెప్పిన అంకెలన్నీ ఎక్సెల్‌లో పెట్టి గ్రాఫులు గీశారు. గీత పైకి లేచిన రోజు రాత్రి విచారణ: "ఏం తిన్నావు? నిజం చెప్పు." తల్లి ఏమీ అనేది కాదు, కళ్లనీళ్లు పెట్టుకునేది. వాళ్లని బయట కూర్చోబెట్టి అడిగితే అబ్బాయి చెప్పాడు: "నాన్న తిడితే పర్లేదు సార్. అమ్మ ఏడుస్తుంది. అందుకే మార్చి రాశాను."

340కి తిండి ఒక్కటే కారణం కానక్కర్లేదు. ఆ వయసులో ఎదుగుదలకు సంబంధించిన హార్మోన్లు ఇన్సులిన్‌ను సరిగా పనిచేయనివ్వవు. జ్వరం, పరీక్షల భయం కూడా షుగర్‌ను పెంచుతాయి. ఈ పిల్లవాడి విషయంలో ఇంకోటి దొరికింది. బొడ్డుకి రెండు పక్కలా చర్మం కింద మెత్తటి ఉబ్బులు చేతికి తగిలాయి. అక్కడ నొప్పి తెలియదని రోజూ అక్కడే పొడుచుకుంటున్నాడు. అలాంటి చోట వేసిన ఇన్సులిన్ ఒక్కోరోజు ఒక్కోలా ఒంటికి పడుతుంది. ఏడాదిగా ఇంట్లో ఎవరూ ఆ పొట్ట చూడలేదు. "పెద్దవాడయ్యాడు, వాడే వేసుకుంటాడు" అన్నారు. ఇన్సులిన్ పెన్ను పట్టుకోవడం ఎనిమిదేళ్లకే వస్తుంది. రోజుకి నాలుగుసార్లు, ఏళ్ల తరబడి, లెక్క తప్పకుండా వేసుకునే ఓపిక పదమూడేళ్లకి రాదు. అందుకే పదో తరగతి దాటేదాకా పెద్దవాళ్లు పక్కన ఉండాలంటాను.

తల్లిదండ్రుల భయం ఊరికే పుట్టింది కాదు. ఇన్సులిన్ రాకముందు వైద్యులు చెప్పిన వైద్యం పిల్లల్ని దాదాపు పస్తులుంచడమే. తల్లి చేయగలిగింది అన్నం పెట్టకుండా ఉండటం. 1922 జనవరి 11న టొరంటోలో పద్నాలుగేళ్ల లెనార్డ్ థాంప్సన్‌కి మొదటి ఇంజెక్షన్ ఇచ్చారు. ఆ మందు సరిపడలేదు. ఇంకా శుద్ధిచేసిన మందుతో అదే నెలలో మళ్లీ మొదలుపెడితే బిడ్డ తేరుకున్నాడు. వందేళ్లు దాటినా మన ఇళ్లలో పిల్లల కంచంలో అన్నం తగ్గించడమే మొదటి వైద్యం. ఎదిగే బిడ్డకి అన్నం కావాలి. దానికి తగ్గ ఇన్సులిన్ వెయ్యాలి.

ఇంకో పొరపాటు ప్రాణం మీదికి తెస్తుంది. సూది మొదలుపెట్టిన కొన్ని వారాలకి మిగిలిన బీటా కణాలు కాస్త కోలుకుని, మందు అవసరం బాగా తగ్గుతుంది. కొన్ని నెలలకి మళ్లీ పెరుగుతుంది. సరిగ్గా ఆ నెలల్లోనే ఒక ఇంట్లో పాపకి చెట్టుమందు మొదలుపెట్టారు. అంకెలు బాగున్నాయని ఇన్సులిన్ ఆపేశారు. పాపకి వాంతులు, కడుపునొప్పి, ఎగశ్వాస వస్తే ఫుడ్ పాయిజనింగ్ అనుకున్నారు. అప్పటికే రక్తంలో కీటోన్లు నిండి ఆమ్లం పెరిగిపోయింది. ఐసీయూలో పెట్టి కాపాడుకున్నాం.

మేస్త్రీ పనివాళ్ల ఇంటినుంచి తొమ్మిదేళ్ల పాప వస్తుంది. ఇంట్లో ఫ్రిజ్ లేదు. తల్లి చిన్న ముంతను పెద్ద కుండలో పెట్టి, మధ్యలో ఇసుక పోసి తడుపుతూ, నీళ్లు తగలకుండా సీసాను డబ్బాలో మూసి అందులో దాస్తుంది. చదువు లేదు, అంకెలు గుర్తుపడుతుంది. రాత్రి లేచి పాప మెడ తడుముతుంది, చెమట పడితే షుగర్ దిగిందేమోనని. షుగర్ ఎక్కువ వచ్చినప్పుడు ఏం చేస్తావమ్మా అని అడిగాను. "ఎక్కువుంటే ఎక్కువుంది సార్. మీరు చెప్పినట్ల సూది మందు రొంత పెంచుతా. బిడ్డ మింద అరిస్తే దిగుతాదా?" పాప హెచ్‌బీఏ1సీ 7.6. ఆ తల్లి శాంతాన్ని మెచ్చుకుని ఊరుకోవడం నాకు నచ్చదు. ఇన్సులిన్ ఒక ట్రస్టు ద్వారా ఉచితంగా వస్తోంది. స్ట్రిప్పులు కొనలేక ఆమె రోజుకి రెండుసార్లే చూడగలుగుతోంది. అవి ప్రభుత్వమే ఇవ్వాలి.

ఆ పదమూడేళ్ల అబ్బాయి తల్లిదండ్రులకి నేను చెప్పింది తక్కువే. రాత్రి సూది వేసేటప్పుడు తండ్రి పక్కన కూర్చోవాలి. యూనిట్లు తనూ చూడాలి, సూది చోటు మార్పించాలి. ఎంత వచ్చినా ముందు "చూసుకున్నావు, మంచి పని" అనాలి. తర్వాత మందు లెక్క. తిండి సంగతి మర్నాడు, కోపం లేకుండా. తల్లికి ఇది కష్టమైంది. కొన్నాళ్లు రీడింగు చూసే సమయానికి ఆమె పక్క గదిలోకి వెళ్లిపోయేది.

తర్వాతిసారి నోట్‌బుక్కులో 310, 62, 205 ఉన్నాయి. మీటరులోనూ అవే ఉన్నాయి. హెచ్‌బీఏ1సీ 8.9కి దిగింది, ఇంకా దిగాలి. తండ్రి స్కూలుకి వెళ్లి పీటీ సార్‌కి చెప్పి వచ్చారు: వణుకు, చెమట, తిక్కతిక్కగా మాట్లాడటం కనిపిస్తే మూడు చెంచాల గ్లూకోజు ఇచ్చి, పావుగంటకి మళ్లీ చూడాలని. పిల్లల్ని క్లాసులో షుగర్ చూసుకోనివ్వాలని, ఇన్సులిన్ వేసుకోనివ్వాలని, తినుబండారం తిననివ్వాలని జాతీయ బాలల హక్కుల కమిషన్ 2023లో రాసిన లేఖను ప్రింటు తీసి ప్రిన్సిపాల్‌కి ఇచ్చారు. అబ్బాయికి వేసవి క్రికెట్ క్యాంపుకి వెళ్లాలని ఉంది. రెండు గంటలు ఆడితే ముందు ఎన్ని యూనిట్లు తగ్గించాలి, బ్యాగులో ఏం పెట్టాలి అని అడిగాడు. ఈసారి లెక్క వాడే వేశాడు. నేనూ వాళ్ల నాన్నా పక్కన కూర్చుని సరిచూశాం.