అండమాను ద్వీపయాత్ర: మా జమాఖర్చు

గృహిణి విశ్రాంతి యను పద్దు ఏ జమాఖర్చు పుస్తకమునను కనబడదు. బియ్యము, పప్పు, పాలు, బడి జీతము, మందులు, పండుగ బట్టలు, వీనికన్నింటికిని గళ్లు గీచికొందుము. ఏటికొక వారము ఇల్లు విడిచి గాలి మార్చుకొనుటకు గడి గీయుట మాత్రము మనలో పెక్కురకు దుబారాగనే తోచును. మాకును మొన్న మొన్నటివరకు అట్లే తోచెడిది. అట్టి మేము గడచిన ఫిబ్రవరిలో సముద్రము దాటి అండమాను దీవులకు పోయి వచ్చితిమనగా, “మీకేమమ్మా, కలవారు!” అని ఇరుగుపొరుగువారు నవ్వుచున్నారు. మేము కలవారము కాము. మా యింట సంపాదించువారు మావారొక్కరే. ఏమి మానుకొని ఆ యాత్ర సాగించితిమో, ఏది మానుకొనరాదని తెలిసికొంటిమో సోదరీమణులకు విన్నవించుటకే ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

దీనికంతకును మూలము ఒక ఇరువది రూపాయల నోటు. 2019లో క్రొత్తది రాకముందు అచ్చయిన ఎఱ్ఱని నోటు వెనుకవైపున కొబ్బరిచెట్లును, వాని సందున సముద్రమును, ఆవల కొండయు కనబడును. ఒకనాడు మేము పాలవానికి ఈయవలసిన సొమ్ము లెక్క పెట్టుచుండగా, మా అత్తగారు ఆ నోటును అద్దాలు సవరించుకొని చూచి, “ఈ చెట్లు ఏ ఊరివే అమ్మాయీ? మన కోనసీమవా?” అని అడిగిరి. కావు, అది అండమానులోని పోర్టుబ్లెయిరు చెంతనున్న తావు అని మావారు చెప్పిరి. 2024లో ఆ పట్టణమునకు శ్రీవిజయపురమని పేరు మార్చిరి. నాటినుండి ఎఱ్ఱనోటు చేతికి వచ్చినప్పుడెల్ల దానిని మెంతుల డబ్బాలో వేయుట మాకొక వేడుకయైనది. ఎఱ్ఱనివి అరుదైన పిమ్మట ఏ ఇరువది రూపాయల నోటైనను అందులోనికే పోయెడిది. ఇది చాలదని, మావారు బ్యాంకులో నెలనెల కొంత కట్టసాగిరి. రెండేండ్లకు బ్యాంకు సొమ్ము వడ్డీతోకూడ 84,000 రూపాయలు, డబ్బా సొమ్ము 6,000 రూపాయలు, వెరసి 90,000 రూపాయలైనది.

అప్పుడు మావారును మేమును కూర్చుండి మొదటి అంచనా వేసితిమి. సముద్రమునకు ఎదురుగా గది, రాత్రికి 4,500. దీవినుండి దీవికి వేగముగా పోవు ప్రైవేటు పడవలు. చెన్నపట్టణమునుండి విమానము. లెక్క సరిగా 90,000 వచ్చినది. కాని అది ముగ్గురికే: మావారు, మేము, ఆరవ తరగతి చదువుచున్న మా పిల్లవాడు. అత్తగారితో ఈ మాట ఎట్లు చెప్పుదుమా యని నసుగుచుండగా, ఆమెయే, “నేనెందుకమ్మా ఈ వయసులో? ఇల్లు కనిపెట్టుకొని ఉంటాను, మీరు వెళ్లిరండి” అనిరి. మేము వెంటనే ఒప్పుకొంటిమి. ఒక్క మారైనను బలవంత పెట్టలేదు.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఆ కొబ్బరిచెట్లు ఏ ఊరివని అడిగినది ఎవరు? కూరగాయలు బేరమాడి తెచ్చి, మిగిలిన చిల్లరకు నోటు మార్చి డబ్బాలో వేసినది ఎవరు? ఆమెను ఇంటికి కాపలా యుంచి, ఆమె కూడబెట్టిన సొమ్ముతో మేము సముద్రమునకు ఎదురుగా గది తీసికొందుమా? తెల్లవారగానే ఆ కాగితము చింపి వేఱొక అంచనాకు కూర్చుంటిమి.

ఇక్కడ మాకు తెలిసిన సంగతి ఒకటి కలదు. దీవులలో అమ్మకమునకున్న వస్తువులు ముఖ్యముగా రెండే: ఒకటి దగ్గరతనము, రెండవది తొందర. సముద్రము గది కిటికీలోనుండి కనబడవలెనన్న వెల రెండింతలకు మించును. పది నిమిషములు నడచి పోయినచో అదే సముద్రము కనబడును. గంటన్నరలో దీవి చేరవలెనన్న టిక్కెట్టు వెల హెచ్చు. రెండున్నర గంటలు కూర్చుండగలిగినచో ప్రభుత్వపు పడవ చాలును. అలకు, ఇసుకకు, అస్తమయమునకు ఎవరును వెల కట్టలేదు. తొందరను, దగ్గరతనమును మానుకొన్నచో మనిషిని మానుకొనవలసిన పనిలేదు.

రెండవ అంచనా ఇట్లున్నది. నలుగురికి రానుపోను విమానము 48,000; రాజమహేంద్రవరమునుండి చెన్నపట్టణమునకు రానుపోను రైలు 4,000; నాలుగు మంచములు పట్టు ఒకే గది, రాత్రికి 2,000 చొప్పున ఆరు రాత్రులకు 12,000; పడవలు 6,000; భోజనము దినమునకు 1,500 చొప్పున 9,000; బస్సు, ఆటో, చూడదగినవానికి 5,000. ఇవి 84,000. డబ్బాలోని 6,000 ఏ పద్దునకును వ్రాయక ఆపద్ధనముగా ఉంచితిమి. విమానపు టిక్కెట్లు మూడు నెలల ముందు కొనుటవలన ఈ వెలకు దొరకినవి. ఆలస్యము చేసినచో ఈ లెక్క నిలువదు.

ఓడమీద పోరాదా యని కొందరడుగుదురు. పోవచ్చును. విశాఖపట్టణము, చెన్నపట్టణము, కలకత్తాలనుండి ఓడలు కలవు. విశాఖనుండి ఇంచుమించు నెలకొకటియే. చెన్నపట్టణమునుండి అంతకంటె హెచ్చు. దూరము సుమారు 1,200 కిలోమీటర్లు, ప్రయాణము రెండున్నర మూడు దినములు. అందఱతోపాటు బంకు మంచమున పండుకొని పోవువారికి అంతకంటె చవుక లేదు. కాని మావారికి దొరకిన సెలవు పదిదినములే; రాకపోకలకే ఆరుదినములు పోయినచో మిగులునదేమి? సెలవు చాలినంత గలవారు తప్పక ఓడనే ఎన్నుకొనవచ్చును.

కాలమును గూర్చియు ఒకమాట. అక్కడ మేనెలనుండి నైరృతి వానలు, పిమ్మట ఈశాన్యపు వానలు కురియును. జనవరినుండి ఏప్రిలువరకు సముద్రము నెమ్మదిగా నుండును. సంవత్సరాంతపు సెలవులలో రద్దీయు, వెలలును మిక్కుటము. కావున పిల్లవాని ఉపాధ్యాయులతో చెప్పి, ఐదుదినములు బడి మానిపించి, సంక్రాంతి వెళ్లిన పిమ్మట ఫిబ్రవరి మొదటివారమున బయలుదేరితిమి. రైలులోనికి పులిహోర, దద్ధ్యోదనము కట్టుకొంటిమి. గుర్తింపు కార్డుల అసలుప్రతులు అందఱివియు మా చేతిసంచిలోనే ఉంచుకొంటిమి. మేము పోయిన దీవులకు మనదేశీయులకు వేఱు అనుమతిపత్రము అక్కఱలేదు.

మొదటిరాత్రి శ్రీవిజయపురమున గడపి, మరునాడు పడవమీద స్వరాజద్వీపమునకు పోయితిమి. 2018వరకు దీనిని హేవ్‌లాకు అనెడివారు. ఇక్కడ మేము చేసిన తప్పు చెప్పవలెను. పొదుపనుకొని చిన్న వంటగది గల గది తీసికొంటిమి. కందిపొడి, ఆవకాయ మా వెంట నుండెను. అన్నము వండి, చారు కాచి, గిన్నెలు తోమి, “సాయంకాలము ఆరు గంటలకు సూర్యాస్తమయము చూతము” అని అత్తగారిని కూర్చుండబెట్టితిమి.

అత్తగారిది కళింగపట్టణము. పుట్టినది మొదలు సముద్రము చూచినవారే. “మన ఒడ్డున సూర్యుడు సముద్రంలోంచి లేస్తాడు గాని, సముద్రంలో దిగడం నేనెప్పుడూ చూడలేదు” అని విమానములో రెండుమారులు అనిరి. మన కోస్తా యంతయు తూర్పుమొగమున నున్నది గదా! సూర్యుడు మనకు పొలములవెనుకను, కొండలవెనుకను క్రుంకునుగాని నీటిలో క్రుంకడు. ఆ దీవిలోని రాధానగరు తీరము పడమటి మొగమున నున్నది. 2004లో టైమ్ పత్రిక ఆసియాలోకెల్ల మేలైన తీరమని దానినే పొగడెను. మేము బస్సు దిగి అచ్చటికి చేరుసరికి ఐదు గంటల నలుబది నిమిషములు. సూర్యుడు అప్పుడే మునిగిపోయెను. ఆకాశమున ఎఱుపు మాత్రము మిగిలి యుండెను. మన గడియారము 82½ డిగ్రీల తూర్పు రేఖాంశమునుబట్టి నడచును. ఆ దీవులు దానికి ఇంచుమించు పది డిగ్రీలు తూర్పున నున్నవి. డిగ్రీకి నాలుగు నిమిషముల చొప్పున నలుబది నిమిషములు ముందుగనే అక్కడ పొద్దు పొడుచును, పొద్దు క్రుంకును. మాకు ఈ సంగతి తోచలేదు. అత్తగారు ఒక్కమాటయు అనలేదు. చెప్పులు చేతబట్టుకొని, చీకటిపడువరకు తడియిసుకమీద నిలుచుండిరి. అన్నము వండి మిగిల్చినది రెండుమూడు వందలు, పోగొట్టినది అది.

మరునాడు పొయ్యి వెలిగింపలేదు. అంగడివీధిలోని పూటకూటింట భోజనము చేసి, మూడు గంటలకే తీరము చేరితిమి. రక్షకులు కాపున్న చోటనే, ఎఱ్ఱజెండాలు చూచికొని, మోకాలిలోతు నీటిలో దిగితిమి. ఆ దీవులలో కొన్నిచోట్ల మొసళ్ల హెచ్చరిక పలకలు కలవు; వానిని వేళాకోళముగా తలపరాదు. ఐదు గంటలు దాటగానే సూర్యుడు ఎఱ్ఱబడి, నీటి అంచును తాకి, కరగినట్లు దిగిపోయెను. అత్తగారు రెండుచేతులు జోడించి, “ఇన్నేళ్లూ పొద్దున్నే వచ్చేవాడివి, ఎక్కడికి పోతావో ఇవాళ చూశాను” అనిరి. మావారు మొగము ప్రక్కకు త్రిప్పుకొనిరి. కోస్తాలో పుట్టిన ముదుసలికి ఆ దృశ్యము చూపుటకు మేము పెట్టినది నాలుగు బస్సుటిక్కెట్ల వెల.

అక్కడినుండి పూర్వము నీలు అనబడిన షహీదు ద్వీపమునకు పోయితిమి. అది చిన్నది, సేద్యపు దీవి. తూర్పు బెంగాలునుండి వచ్చిన కాందిశీకులు అచ్చట స్థిరపడి కూరగాయలు పండింతురు. పోటు తగ్గినవేళ గాజు అడుగుగల పడవనుండి పగడపు దిబ్బలు చూచితిమి. పిల్లవాడు ఒడ్డున ఏరిన పగడపు ముక్కలను సంచిలో వేసికొనబోగా, అత్తగారు వలదని అచ్చటనే వేయించిరి. అది మంచిదేయైనది, పగడములు తీసికొనిపోవుట చట్టవిరుద్ధము, విమానాశ్రయమున సంచులు వెదకి పుచ్చుకొందురు. అట్లే ఆదివాసులకు ప్రత్యేకింపబడిన తావులు 1956నాటి శాసనముచే రక్షింపబడినవి. అక్కడికి కొనిపోయెదమని ఎవరు ఆశపెట్టినను పోరాదు.

షహీదు ద్వీపమునుండి మఱలవలసిన మధ్యాహ్నము గాలి హెచ్చినదని పడవ నిలిపివేసిరి. చాలమంది ఆ సాయంకాలపు విమానమునకు అందవలెనని రేవులో తల్లడిల్లిరి. మేము మొదటనే దూరపు దీవులను ముందును, పట్టణమును చివరను ఉంచుకొంటిమి కనుక మాకు పోయినది పట్టణములోని ఒక రాత్రియే. మరునాడు ప్రభుత్వపు పడవలో చోటు చిక్కలేదు. ద్వీపవాసులకు అందులో మొదటి హక్కు, అది న్యాయమే. అప్పుడు మెంతుల డబ్బా సొమ్ములోనుండి తీసి ప్రైవేటు పడవ ఎక్కితిమి. ఆపద్ధనము లేని అంచనా అంచనాయే కాదు.

పట్టణమున 1906లో పూర్తియైన సెల్యులర్ జైలును చూచితిమి. ఏడు కొమ్మలుగా కట్టిన ఆ చెఱసాలలో ఇప్పుడు మూడే నిలిచి యున్నవి. పాలరాతిపై చెక్కిన పేర్లను పిల్లవాడు మెల్లగా చదువుచుండగా అత్తగారు వినుచుండిరి. సాయంకాలము అబర్డీను బజారులో కూరలమ్ము నొకామె మా మాట విని, “మీది ఏ ఊరమ్మా?” అని తెలుగున పలుకరించెను. ఆమె తాతగారిది శ్రీకాకుళము జిల్లా యట. 2011 జనాభా లెక్కలనుబట్టి ఆ దీవులలో నూటికి సుమారు 13 మంది తెలుగువారు. భాష రాని దేశమని భయపడిన అత్తగారు ఆమెతో అరగంట మాటాడి, డబ్బులీయబోగా పుచ్చుకొనని రెండు మునగకాడలతో తిరిగి వచ్చిరి.

ఇల్లు చేరి లెక్క చూచితిమి. మొత్తము వ్యయము 88,700. పడవలకు 3,100 హెచ్చినది. మిగిలిన పద్దులలోను కొంత హెచ్చినది. డబ్బా సొమ్ములో 1,300 మిగిలినది. సోదరీమణులారా! మీరు ఏ తీరమునకు పోదలచినను, ఎవరెవరు రావలెనో ముందు నిర్ణయించుకొని, పిమ్మట గదులు, పడవలు ఎన్నుకొనుడు. మేము మొదట దీనిని తలక్రిందులు చేసి, ఒకరిని ఇంట విడిచిపెట్టబోయితిమి. పోయినచోట పొయ్యి రాజేయకుడు. పొద్దు ఎప్పుడు క్రుంకునో కనుగొని పొండు.

మొన్న అత్తగారు కిరాణాకొట్టునుండి వచ్చి, మెంతుల డబ్బా మూత తీసి ఒక నోటు వేసిరి. క్రొత్త నోటు, వెనుక ఎల్లోరా గుహ. “ఇది ఏ ఊరే అమ్మాయీ?” అని అడిగిరి. జమాఖర్చు పుస్తకమున క్రొత్త పుట తీసి, ఒక గడి గీచితిమి.