కుట్టినోడి పేరు

మా నాయిన చెప్పులు కుట్టేటోడు. తోలు కోసేది, ఆరెతో పొడిచేది, దారం లాగేది ఆయన. టౌన్ల దుకాణపాయన వాటి అడుగున తన ముద్ర గుద్ది అమ్ముకునేటోడు. ఊరోళ్లు ఆ చెప్పులే తొడుక్కొని, దుకాణపాయన మంచి చెప్పులు చేస్తడని మా నాయిన ముందే పొగిడేటోళ్లు. నాయిన నవ్వి ఊకునేటోడు. ఆ నవ్వంటే నాకు మంట.

2009లో నేను బీఈడీ చదువుతున్నాను. ఒక ఆదివారం హైదరాబాద్ ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద అట్ట చిరిగిన బ్యాట్‌మన్ బొమ్మల పుస్తకం కొన్నాను. ఇంట్లో మొదటి చదువు నాది, ఇంగ్లీషు అంతంతే. బొమ్మల ఆసరాతోనైనా వస్తుందని ఆశ. లోపల సృష్టికర్త బాబ్ కేన్ అని ఒకటే పేరు ఉంది. ఒక్కడే ఇంత పని చేశాడా అని నోరు తెరిచాను. ఒక్కడు కాదని తెలియడానికి చాలా ఏళ్లు పట్టింది.

1938లో సూపర్‌మన్ వచ్చి దుమ్ము లేపాడు. అలాంటి వీరుడు ఇంకొకడు కావాలని న్యూయార్క్‌లో ఎడిటర్లకు ఆశ పుట్టింది. కేన్ ఒక బొమ్మ గీశాడు. ఎర్రటి బిగుతు బట్టలు, కళ్లకు చిన్న ముసుగు, వీపున బిర్రుగా రెక్కలు. దాన్ని తీసుకొచ్చి బిల్ ఫింగర్‌కు చూపించాడు. ఈ ఫింగర్ ఎవరనుకున్నారు? బూట్ల దుకాణంలో అమ్మకపు పని చేసుకునే కుర్రాడు. ఇది చదివినప్పుడు నాకు నాయిన గుర్తుకు రాకుండా ఎట్లుంటాడు?

ఫింగర్ రెక్కలు తీయించి భుజాల మీంచి వేలాడే వస్త్రం వేయించాడు. గబ్బిలం చెవుల ముసుగు తొడిగించాడు. ఎరుపు వద్దని బూడిద రంగు పెట్టమన్నాడు. బ్రూస్ వేన్ అనే పేరు, గోథమ్ అనే ఊరి పేరు అతనివే. 1939లో డిటెక్టివ్ కామిక్స్ 27వ సంచికలో వచ్చిన మొదటి కథ రాసిందీ అతనే. కంపెనీతో కాగితం రాసుకున్నది మాత్రం కేన్. పేరూ కేన్‌దే. ఫింగర్ మొదట్లో కేన్ ఇచ్చే కూలికి రాశాడు.

ఇద్దరూ యూదులే. యూదు పేరు వింటేనే పెద్ద కొలువుల తలుపులు మూసుకునే రోజులవి. ఇద్దరూ పుట్టినప్పటి పేర్లు మార్చుకున్నవాళ్లే. దెబ్బ తిన్నోడు పక్కోడి చేతిపనిని మింగుతాడా? మింగుతాడు. మన సంఘాల్లో చూడలేదా, పాట కట్టిందొకరు, పుస్తకం మీద పేరొకరిది.

ఎడిటర్లకు తెలియక కాదు. 1960లలో జూలియస్ ష్వార్జ్ అనే ఎడిటర్ పాఠకుల ఉత్తరాల పేజీలో ఫింగర్ పేరు చెప్పాడు కూడా. 1965లో కేన్ ఒక అభిమానుల పత్రికకు ఉత్తరం రాసి, సృష్టి అంతా తనదేనన్నాడు. 1974లో ఫింగర్ పోయాడు. 1989లో కేన్ తన ఆత్మకథలో, ఫింగర్‌కు రావాల్సిన పేరు రాలేదని ఒప్పుకున్నాడు. ఎవరికి పనికొచ్చింది ఆ ఒప్పుకోలు? ఫింగర్ మనవరాలు, మార్క్ టైలర్ నోబుల్‌మన్ అనే రచయిత వెంటపడితే 2015లో గానీ కంపెనీ దిగిరాలేదు. ఇప్పుడు కేన్ పేరు పక్కన ఫింగర్ పేరు వేస్తున్నారు. పక్కన, అంతే.

ఇదంతా చదివి ఆవేశపడ్డవాణ్ణి, నేనేం చేశానో కూడా చెప్పాలి. పోయినేడు మా బడిలో ఎనిమిదో తరగతి పిల్లలిద్దరు బొమ్మల కథ చేశారు. రాత్రిపూట చెరువుకట్ట మీద కావలి తిరిగే వీరురాలైన ముసలవ్వ కథ. రాసింది మాదిగవాడ నుంచి వచ్చే పిల్ల, బొమ్మలు ఇంకో పిల్లగాడివి. నేను మాటలు దిద్దాను. చివర్లో ముసలవ్వ చచ్చిపోతే, వద్దని మార్పించాను. జిరాక్స్ తీయించేటప్పుడు అట్ట మీద నా పేరు పెద్దగా పెట్టుకున్నాను. పిల్లల పేర్లు లోపలెక్కడో చిన్నగా ఉన్నాయి. నేనూ కష్టపడ్డాను కదా అనుకున్నాను.

ఆ పిల్ల పుస్తకాన్ని అటూ ఇటూ తిప్పి, "సార్, మీరే రాసిండ్రని మా అమ్మకు చెప్పాల్నా?" అంది. నవ్వుతూనే అంది. ఆ నవ్వు నేను చిన్నప్పటి నుంచి ఎరిగినదే.

ఆ సాయంత్రం అట్టలన్నీ చింపేశాను. కొత్త అట్ట మీద ఎవరి పేరు ముందుండాలని పిల్లలిద్దరూ కొట్లాడుకున్నారు. బొమ్మ లేకుంటే నీ కథ ఎవరు చూస్తరని వాడు, కథ లేకుంటే ఏం గీస్తవని ఆమె. తేలలేదు. సగం పుస్తకాల మీద ఆమె పేరు ముందు, సగం మీద వాడిది. తెల్లారి ఆఖరి పేజీ కూడా మళ్లీ రాసుకొచ్చింది ఆ పిల్ల. అందులో ముసలవ్వ చచ్చిపోయింది.