బేతేలు అను ఊరిలో



బేతేలు అనగానే మనకు యాకోబు తల క్రింద పెట్టుకొన్న రాయి, అతడు కలలో చూచిన నిచ్చెన జ్ఞాపకము వస్తాయి. మన పల్లెలలో బేతేలు పేరు పెట్టుకొన్న ప్రార్థన మందిరములకు లెక్క లేదు. జర్మనీ దేశములో ఆ పేరుతో ఒక ఊరే ఉన్నది. 2018 వేసవిలో అక్కడి సంఘములవారు పిలువగా మా ప్రాంతము నుండి నలుగురము పాస్టర్లము వెళ్లాము. ఆ ఊరిలో నాలుగు దినములు గడుపుటకు ప్రభువు కృప చూపాడు.

బయలుదేరక ముందు జరిగిన ఒక సంగతి మొదట చెప్పాలి. మా సంఘములో ఒక విధవరాలున్నది. ఆమె కుమారునికి అప్పటికి ముప్పై నాలుగేండ్లు. మనిషి పుష్టిగా ఉంటాడు గాని పుట్టినప్పటి నుండి బుద్ధి ఎదుగుదల తక్కువ. లెక్క తెలియదు, నాలుగు మాటలు కలిపి చెప్పలేడు. ఊరివారు అతనిని అతని పేరుతో పిలువరు. ఏమని పిలుస్తారో ఇక్కడ వ్రాయము, మీ ఊరిలోనూ ఆ మాట ఉన్నది. "అయ్యగారూ, నేనున్నంత కాలము నా కొంగు పట్టుకొని తిరుగుతాడు. నేను పోయినాక వీడికెవరండీ?" అని ఆమె అడిగింది. మేము ప్రార్థన చేసి, "దేవుడున్నాడమ్మా" అని చెప్పి వచ్చేశాము. ఆ జవాబు తప్పు కాదు. కాని అది చెప్పి మేమెంత త్వరగా లేచి వచ్చామో విమానములో కూర్చున్నప్పుడు కూడ గుర్తుకు వస్తూనే ఉన్నది.

బీలెఫెల్డ్ అనే పట్టణములో ఒకటవ నంబరు ట్రాము ఎక్కితే బేతేలులో దిగవచ్చును. కొండమీద పాత కోట ఒకటి, దాని వెనుక చెట్ల నడుమ ఈ ఊరు. 1973 నుండి ఇదీ బీలెఫెల్డ్ పట్టణములో భాగమే. మేము ఆసుపత్రి వంటిదో, పెద్ద హాస్టలు వంటిదో ఊహించుకొని పోయాము. చూస్తే ప్రహరీ గోడ లేదు, గేటు లేదు, కాపలావాడు లేడు. వీధులు, అంగళ్లు, దేవాలయము, బస్సుకొరకు నిలుచున్న మనుష్యులు. వారిలో ఎవరు వికలాంగులో ఎవరు పనివారో మొదటి దినము మాకు తెలియలేదు. ఇండ్ల పేర్లు మాత్రము మనకు బాగా తెలిసినవే: ఎబెనెజెరు, సారెపతు, నజరేతు, గిలాదు. మాలో ఒకరు, "ఇది మన పాస్టరేటులోని పల్లెల జాబితాలాగున ఉన్నదే" అంటే అందరము నవ్వుకొన్నాము.

1867లో మూర్ఛరోగము గల కొద్దిమంది యౌవనుల కొరకు ఇక్కడ ఒక ఇల్లు తెరచారు. ఆ దినములలో మూర్ఛకు సరియైన మందు లేదు. అటువంటివారిని ఇంటివారు దాచిపెట్టేవారు, బయటివారు దయ్యము పట్టినదని తప్పుకొనేవారు. 1872లో ఫ్రీడ్రిష్ ఫాన్ బోడెల్‌ష్వింగ్ అనే పాస్టరుగారు ఈ పరిచర్యకు వచ్చారు. అంతకు మూడేండ్ల క్రితము, 1869 జనవరిలో, ఆయన నలుగురు పిల్లలు కొద్ది దినముల తేడాలో చనిపోయారు. ఆ దుఃఖముతో వచ్చిన మనిషి ఈయన. పాస్టరు కాకమునుపు వ్యవసాయము నేర్చినవాడు గనుక, చేతికి పని లేకుండ కూర్చుండబెడితే మనిషి ఏమవుతాడో ఎరుగును. కూడు, గుడ్డ, మందు, వాక్యము ఇస్తే చాలునని ఆయన అనుకొనలేదు. పొలము, తోట, వడ్రంగము, కమ్మరము, రొట్టెల బేకరీ, అచ్చుకూటము, ఎవరికి ఏది చేతనైతే దానిలో వారిని పెట్టారు. తరువాత మూర్ఛరోగులే గాక బుద్ధిమాంద్యము గలవారు, మానసిక రోగులు, ఇల్లు లేనివారు కూడ వచ్చి చేరారు.

మాకు అన్నిటికంటె నచ్చినది తపాలా బిళ్లల పని. 1888లో మొదలైన పని ఇది. దేశమంతటి నుండి సంఘములవారు, బడిపిల్లలు, ఆఫీసులవారు తమకు వచ్చిన ఉత్తరముల మీది వాడిన బిళ్లలను పోగుచేసి బేతేలుకు పంపుతారు. ఇక్కడివారు వాటిని కత్తిరించి, దేశములవారీగా, బొమ్మలవారీగా వేరుచేసి, బిళ్లలు సేకరించే సరదా గలవారికి తూకము చొప్పున అమ్ముతారు. మనము చింపి పారవేసే కవరు అక్కడ కొందరికి పని అవుతున్నది.

ఒక బల్లవద్ద యాభై ఏండ్ల పెద్దమనిషి కత్తెరతో కూర్చున్నాడు. మేమును ఒకటి కత్తిరిస్తామని సైగ చేస్తే కత్తెర ఇచ్చాడు. బిళ్ల అంచు వెంబడే నీటుగా కత్తిరించామనుకొన్నాము. ఆయన దానిని చూచి, తల అడ్డముగా ఊపి, చెత్త డబ్బాలో వేశాడు. తరువాత మా చేతిలోని కత్తెర తీసికొని, చుట్టూ వ్రేలెడు కాగితము వదలి ఎట్లు కత్తిరించాలో నిదానముగా చూపాడు. అంచున ఉండే పండ్లు తెగితే బిళ్లకు విలువ పోతుందట. మనలను కూర్చుండబెట్టి ప్రసంగము వినిపించవలసినవారమని మనము అనుకొనే మనిషి, మా పని బాగులేదని ఉన్నమాట చెప్పాడు. మా సంచిలో ఇంటినుండి తెచ్చిన కవరొకటి ఉంటే ఇచ్చాము. గాంధీగారి బిళ్లను అటుఇటు త్రిప్పి చూచి, ప్రక్కనున్న సహోదరికి అందించాడు. ఆమెకు చదువు రాదు, అయినా ఏ దేశపు బిళ్ల ఏ పెట్టెలోనిదో తడుముకొనకుండ వేస్తున్నది.

మాతో వచ్చిన స్థానిక పాస్టరుగారిని, "వీరిలో ఒకరు ఒకదినము రాకపోతే ఏమవుతుంది?" అని అడిగాము. "ఆ బల్లమీద పని ఆగుతుంది. ప్రక్కవాడు వెంటనే వచ్చి, అతడేడి అని అడుగుతాడు" అన్నారు. మా అమ్మగారి కుమారుడు ఒక ఆదివారము రాకపోతే అడిగినవారెవరా అని మేము ఆలోచించుకొన్నాము. ఎవరును లేరు. మేమును అడుగలేదు.

ఇటువంటిదే ఇంకొక పని, పాతబట్టలు పోగుచేసి బాగుచేయుట. ఐదు రొట్టెలు పంచిన తరువాత మిగిలిన ముక్కలను ఎత్తమని ప్రభువు శిష్యులతో చెప్పిన సంగతి యోహాను 6వ అధ్యాయములో చదువుతాము గదా, ఆ పనికి పేరు దానినుండే పెట్టారు, ముక్కల సేకరణ అని. 1908లో బేతేలు అంగళ్లలో మాత్రమే చెల్లే నోట్లు కూడ అచ్చువేశారు. యూరో వచ్చినాక ఆ నోట్ల మీదను యూరో అని వ్రాశారు.

ఇదంతా విని అక్కడ అన్నియు మంచివే అనుకొనవద్దు. హిట్లరు కాలములో 1934 నుండి అమలైన చట్టము క్రింద ఎందరో రోగులకు బలవంతముగా పిల్లలు కలుగకుండ ఆపరేషనులు చేశారు. బేతేలులోనే, దేవుని పేరు పెట్టుకొన్న ఇండ్లలోనే చేశారు. తరువాత 1939లో వికలాంగులను రహస్యముగా చంపే కార్యక్రమము మొదలైంది. 1941 ఆగస్టు నాటికి డెబ్బై వేలమందికి పైగా విషవాయువుతో చంపబడ్డారు. ఎవరిని చంపాలో నిర్ణయించుటకు బెర్లిను నుండి ఫారములు వచ్చేవి. ఆ ఫారములో ఒక ప్రశ్న, ఈ మనిషి ఏ పని చేయగలడు అని. ఇది విన్నప్పుడు మాకు నోట మాట రాలేదు. మేము రెండు దినములుగా ఎంతో మెచ్చుకొన్న ఆ పనినే దుష్టులు త్రాసుగా వాడుకొన్నారు.

పెద్ద పాస్టరుగారు 1910లో ప్రభువునందు నిద్రించాక కుమారుడు ఫ్రిట్జ్ గారు బాధ్యత తీసికొన్నారు. ఆయన ఆ ఫారములు నింపలేదు. ఆయన స్నేహితుడు, లోబెటాల్ అనేచోట ఇటువంటి పరిచర్యే చేసే పౌల్ బ్రౌనె పాస్టరుగారు 1940 జూలైలో ఈ హత్యలను గూర్చి ప్రభుత్వమునకు వ్రాసి పంపితే ఆగస్టులో ఆయనను అరెస్టు చేశారు. 1941లో బెర్లిను డాక్టర్లు బేతేలుకు వచ్చి తామే రోగులను పరీక్షించి పోయారు. ఆ పరీక్షను బట్టి బండ్లు రాకమునుపే ఆ కార్యక్రమము ఆగింది. కాని 1940లో అక్కడినుండి పంపివేయబడిన యూదు రోగులు చంపబడ్డారు. అక్కడివారు ఈ సంగతులు మాకు దాచకుండ చెప్పారు.

ఆదివారము సీయోను దేవాలయములో ఆరాధనకు కూర్చున్నాము. చక్రాల కుర్చీలో ఉన్న ఒక యౌవనస్థుడు, చేయి కూడ తనంతట ఎత్తలేనివాడు, ప్రసంగము మధ్యలో బిగ్గరగా అరచాడు. బోధకుడు ఆగి, అతడు ముగించువరకు చూచి, మరల మొదలుపెట్టాడు. ఎవరును వెనుకకు తిరిగి చూడలేదు. అతడు ఏ పనియు చేయడు, చేయలేడు. అతని చోటు అతనికి ముందువరుసలోనే ఉన్నది.

జీతము సంగతి కూడ వ్రాయాలి. ఆ దేశములో ఇటువంటి పనిశాలలలో నెలకు 200 యూరోలకు అటుఇటుగా చేతికి వచ్చేది. ఇల్లు, భోజనము ఖర్చు ప్రభుత్వపు సహాయముతో గడుస్తుంది. అందరికీ ఉన్న కనీస వేతనపు చట్టము వీరికి వర్తించదు. వికలాంగులను వేరే పనిశాలలలోనే ఉంచుట తగదని ఐక్యరాజ్య సమితి కమిటీ 2015లో జర్మనీని తప్పుపట్టింది, 2023లో మరల అదేమాట చెప్పింది. ఆ మాటలో న్యాయమున్నదనే మాకు తోచింది.

ఇంటికి వచ్చాక సంఘకమిటీలో ఈ సంగతులు చెప్పి, ఆ అమ్మగారి కుమారునికి మందిరములో పని ఇద్దామన్నాము: ఊడ్చుట, చాపలు పరచుట, గంట కొట్టుట. అతనికి గంట అంటే చిన్ననాటి నుండి ఇష్టము. ఇంతకు ముందు త్రాడు పట్టుకొంటే అందరు నవ్వుతారని మేమే దింపి పంపేవారము. పని ఇచ్చుటకు ఎవరును అభ్యంతరము చెప్పలేదు. జీతము అనేసరికి గొడవ మొదలైంది. "దేవుని పనికి జీతమెందుకండీ?" అని ఒక పెద్దగారు అన్నారు. మేము కూడ దేవుని పనికే జీతము తీసికొంటున్నామని చెప్పవలసి వచ్చింది. చివరకు నెలకు 800 రూపాయలకు ఒప్పుకొన్నారు. అది చాలదని మాకు తెలుసు. మొదటి నెల డబ్బంతా పిల్లలకు సోడాలు త్రాగించి అయిపోగొట్టాడు. "చూచారా అయ్యగారూ" అన్నారు. మా మొదటి జీతము ఏమైందో మేము ఎవరికీ చెప్పలేదు.

తల్లి అడిగిన ప్రశ్నకు సగము జవాబే దొరికింది. 1999 నాటి నేషనల్ ట్రస్టు చట్టము ప్రకారము ఇటువంటివారికి పెద్దవారైన తరువాత కూడ చట్టబద్ధమైన సంరక్షకుని నియమించవచ్చును. జిల్లా కలెక్టరుగారి ఆధ్వర్యములోని కమిటీకి దరఖాస్తు పెట్టాలి. నిరామయ అనే ఆరోగ్య బీమా కూడ ఉన్నది, సంవత్సరమునకు లక్ష రూపాయల వరకు. మీ సంఘములలో ఇటువంటి కుటుంబములుంటే ఈ రెండు సంగతులు తప్పక చెప్పండి. ఆమె అన్న కుమారుడు సంరక్షకుడుగా ఉండుటకు ఒప్పుకొని దరఖాస్తు పెట్టాడు. అతని భార్య మనసు ఇంకా పూర్తిగా కుదరలేదు.

పోయిన నెలలో ఆ తల్లికి జ్వరము ఎక్కువై మూడు దినములు పట్టణములో ఆసుపత్రిలో ఉన్నది. మేము ఊరిలో లేము. రెండవ దినము సాయంత్రము స్త్రీల కూడికకు వచ్చినవారు గంట వినబడక, చాపలు పరచక ఉండుట చూచి, "అబ్బాయేడి?" అని అతని పేరుతోనే అడుగుకొంటూ ఇంటికి వెళ్లారట. అతడు మందిరము తాళపుచెవి గుప్పిట పట్టుకొని అరుగుమీద కూర్చున్నాడు. ఇద్దరు సహోదరీలు వంతులు వేసికొని అన్నము పెట్టారు. ఆ ఆదివారము ఒక గంట ముందుగానే గంట కొట్టాడు, అందరు తలలు దువ్వుకొనకుండనే పరుగెత్తి వచ్చారు.