నర్గీస్ పాత్రలో మనీషా

2018లో వచ్చిన 'సంజు'లో మనీషా కోయిరాలా కనిపించేది కాసేపే. కొడుకు తొలి సినిమా చూడకుండానే కన్నుమూసే తల్లి నర్గీస్ పాత్ర అది. క్లోమగ్రంథి క్యాన్సర్‌తో నర్గీస్ 1981 మే 3న మరణించారు. ఆ వారంలోనే 'రాకీ' విడుదలైంది.

ఆస్పత్రి మంచం మనీషాకు కొత్త కాదు. 'క్రిమినల్'లో నాగార్జున సరసన, 'బొంబాయి'లో అరవింద్‌స్వామి సరసన తెలుగువారు చూసిన ఈ ఖాట్మండు అమ్మాయికి 2012 చివర్లో, 42 ఏళ్ల వయసులో అండాశయ క్యాన్సర్ బయటపడింది. నర్గీస్ చికిత్స పొందిన న్యూయార్క్ నగరంలోనే ఆమెకూ శస్త్రచికిత్స జరిగింది. ఆ తర్వాత నెలల తరబడి కీమోథెరపీ. జుట్టు రాలిపోయింది. అద్దంలో ముఖం మారిపోయింది.

ఈ జబ్బు చప్పుడు లేకుండా వస్తుంది. పొట్ట ఉబ్బరం, రెండు ముద్దలకే కడుపు నిండినట్టుండడం, నడుము నొప్పి. ఇంటెడు చాకిరీ మధ్య ఆడవాళ్లు వీటిని గ్యాస్ అనుకుని ఒక మాత్రతో సరిపెడతారు. అందుకే చాలామందిలో ఇది ముదిరాకే తెలుస్తుంది.

క్యాన్సర్ తనకు కొత్త జీవితమిచ్చిందని మనీషా 'హీల్డ్' అనే పుస్తకం రాశారు. 2024లో 'హీరామండీ'లో మల్లికా జాన్‌గా మెప్పించారు. న్యూయార్క్ దాకా వెళ్లే స్తోమత అందరికీ ఉండదు. కానీ వారాల తరబడి తగ్గని ఉబ్బరాన్ని డాక్టరుకు చెప్పుకోవడానికి అంత దూరం పోనక్కర్లేదు. చెప్పుకునే తీరికను ఇంట్లోవాళ్లు ఇవ్వాలి, అంతే.