తేదీ తెలియనివాళ్ళు

మా పక్కింటావిడకి డెబ్బై ఐదేళ్ళు. నర్సుగా చేసి రిటైరయ్యారు. లండన్‌కి అరగంట రైలు దూరంలో వోకింగ్ అనే ఊళ్ళో మా రెండిళ్ళకీ మధ్య ఒకటే గోడ. నేను సాఫ్ట్‌వేర్ వాణ్ణి కాబట్టి ఆవిడ ప్రింటర్ మొరాయించినా, టీవీలో ఛానల్ రాకపోయినా నాకే కబురొస్తుంది. పోయిన చలికాలం మాత్రం ఇంకో పనికి పిలిచారు. వాళ్ళ తాతకి తాత సమాధి ఎక్కడుందో వెతకాలట.

ఆయన సముద్రంలో పోయాడని వాళ్ళ నానమ్మ చెప్పేదట. అంతకుమించి అడిగితే మాట మార్చేసేదట. ఈవిడ డబ్బు కట్టి మరణ ధ్రువపత్రం తెప్పించుకుంటే అందులో సముద్రం లేదు. 1866, నవంబరు. వయసు నలభై మూడు. వృత్తి: కూలీ. చనిపోయిన చోటు: లండన్‌లో సదర్క్ వర్క్‌హౌస్.

వర్క్‌హౌస్ అంటే నాకు తెలిసింది 'ఆలివర్ ట్విస్ట్' వరకే. ఇంజనీరింగ్ రెండో ఏడాదిలో, పరీక్షలకి చదవాల్సిన రాత్రుళ్ళలో చదివిన పుస్తకం. కల్పన కదా, కాస్త పెంచి రాసుంటాడనుకున్నా. పెంచలేదు. 1834లో వచ్చిన చట్టం ఉద్దేశమే అది. సాయం కావాలంటే ఇల్లు వదిలి లోపలికి రావాలి. వచ్చాక మొగుడో వైపు, పెళ్ళాం ఇంకో వైపు, పిల్లలు మరో వైపు. వాళ్ళిచ్చిన బట్టలే కట్టుకోవాలి. రాళ్ళు కొట్టాలి, పాత ఓడ తాళ్ళు వేళ్ళతో పీచు పీచుగా విప్పాలి. బయట అందరికంటే తక్కువ కూలి తెచ్చుకునేవాడి బతుకు కంటే లోపలి బతుకు ఒక మెట్టు కిందే ఉండాలి, లేకపోతే అందరూ వచ్చేస్తారని పెద్దలు లెక్కవేశారు.

మరణ ధ్రువపత్రంలో ఎక్కడ పూడ్చారో ఉండదు. దానికోసం లండన్ పాత రికార్డుల్లో వర్క్‌హౌస్ రిజిస్టర్ల స్కాన్లు తిరగేశాం. ఆయన పేరు దొరికింది. దానికి రెండు వరసల కింద ఆయన భార్య, ఇద్దరు పిల్లలు. అందరూ ఒకే రోజు చేరారు. ఆయన పేరు ఎదురుగా చివరి గడిలో ఒక్క మాట: చనిపోయాడు.

నాకు భయం పట్టుకున్నది అక్కడే. రూత్ రిచర్డ్‌సన్ అనే చరిత్రకారిణి రాసిన పుస్తకం ఒకటి కొన్నేళ్ళ క్రితం చదివాను. అది 1832 నాటి అనాటమీ చట్టం గురించి. అంతకుముందు వైద్య విద్యార్థులు కోయడానికి చట్టప్రకారం దొరికేవి ఉరితీసిన హంతకుల శవాలు. చాలక, దొంగలు సమాధులు తవ్వి అమ్మేవాళ్ళు. కొత్త చట్టం దీనికి చక్కటి పరిష్కారం కనిపెట్టింది: వర్క్‌హౌస్‌లో పోయి, 'ఎవరూ అడగని' శవాన్ని కాలేజీకి ఇచ్చెయ్యొచ్చు. అడగడమంటే ఏడవడం కాదు, అంత్యక్రియల ఖర్చు పెట్టుకోవడం. ఆయన భార్య అదే కప్పు కింద, గోడకి అవతల ఉంది. ఆవిడ ఏం పెట్టి అడుగుతుంది?

ఇదంతా పక్కింటావిడకి చెప్పాలా వద్దా అని రెండు రోజులు నానబెట్టాను. మూడోరోజు ఆవిడే అన్నారు: "నేను నర్సుని. ట్రైనింగ్‌లో కోసిన శవాల్ని చూశాను. అది ఎవరిదని అప్పుడు అడగలేదు."

తేల్చుకోవడానికి దారి ఒక్కటే. చట్టప్రకారం కాలేజీలు కోయడం అయ్యాక పూడ్చాలి, దానికి ఆరు వారాల గడువు. పోయిన తేదీకీ పూడ్చిన తేదీకీ మధ్య వారాలు గడిస్తే ఆ మధ్యలో ఏం జరిగిందో వేరే చెప్పక్కర్లేదు. కొద్ది రోజులే అయితే నేరుగా మట్టిలోకే వెళ్ళాడనుకోవచ్చు.

పూడ్చిన తేదీ మా ఊళ్ళోనే ఉంది. లండన్ శ్మశానాలు నిండిపోయి, 1854లో ఇక్కడికి పక్క స్టేషన్ బ్రూక్‌వుడ్‌లో అప్పటికి ప్రపంచంలోకెల్లా పెద్దదైన శ్మశానం తెరిచారు. వాటర్లూ నుంచి దానికి ప్రత్యేకంగా శవాల రైలు. అందులోనూ మూడు తరగతులు. బంధువులకి రానూపోనూ టికెట్, శవపేటికకి పోను మాత్రమే. బీదల పేటికకి రెండున్నర షిల్లింగులు. 1941లో జర్మన్ బాంబులు లండన్‌లో ఆ స్టేషన్ మీద పడేదాకా ఆ రైలు నడిచింది. సదర్క్ పేదల్ని ఇక్కడికే పంపేవాళ్ళు.

శ్మశానం రిజిస్టర్లు మా ఊరి ఆర్కైవ్స్‌లో చూడొచ్చు. నడిస్తే ఇరవై నిమిషాలు. ఫిల్ము రీలు తిప్పుతుంటే ఆవిడ నా భుజం మీదుగా చూస్తున్నారు. నవంబరు పేజీలో పేరు, వయసు, పారిష్, ప్లాటు నంబరు. పోయిన ఐదో రోజు. ఆవిడ ఐదు వేళ్ళూ మడిచి లెక్కపెట్టుకుని కుర్చీలో కూలబడ్డారు.

ఆ శనివారం బ్రూక్‌వుడ్ వెళ్ళాం. ప్లాటు వెతుక్కుంటూ తిరుగుతుంటే జంషెడ్జీ టాటా సమాధి మందిరం కనపడింది. మా ఇంజనీరింగ్ బ్యాచ్‌లో సగంమందికి మొదటి జీతమిచ్చిన పేరు. ఆయన ఇక్కడ నిద్రపోతున్నాడని ఇన్నేళ్ళూ నాకు తెలీదు. మనం వెతుకుతున్న ప్లాటులో మాత్రం ఏమీ లేదు. గడ్డి, తుప్పలు, పైన్ చెట్లు. అయితే ఈ శ్మశానంలో పేదలకి కూడా ఎవరి గొయ్యి వాళ్ళకే తవ్వేవాళ్ళట. రాయి మాత్రం లేదు. ఆవిడ కాసేపు నిలబడి, "ఇక్కడెక్కడో ఉన్నాడు, ఒక్కడే, మొత్తంగా ఉన్నాడు," అన్నారు. 'మొత్తంగా' అన్న మాట దగ్గర గొంతు వణికింది.

తిరిగొచ్చేటప్పుడు నాకు కొంచెం అసూయగా అనిపించింది. సిగ్గుపడాల్సిన విషయమే, కానీ నిజం.

మాది కాకినాడ దగ్గర పల్లె. మా ముత్తాత రంగూన్ వెళ్ళాడు, ఓడల్లో బియ్యం బస్తాలు మొయ్యడానికి. అక్కడ తెలుగువాళ్ళని 'కోరంగీలు' అనేవాళ్ళు, మా పక్కనున్న కోరంగి రేవు పేరు మీద. 1941 డిసెంబరులో రంగూన్ మీద జపాన్ బాంబులు పడ్డాయి. లక్షలమంది అడవులు, కొండలు దాటి కాలినడకన ఇండియాకి బయల్దేరారు. ఆయన బయల్దేరాడో లేదో కూడా తెలీదు. అంతకుముందు వచ్చిన కార్డే ఆఖరిది.

కొన్నాళ్ళు నేనూ వెతికాను. 1860 నుంచి 1911 దాకా ఇండియా నుంచి నాటల్ వెళ్ళిన లక్షా యాభై వేలమందికి పైగా ఒప్పంద కూలీలకి ఒక్కొక్కరికీ నంబరుంది, ఓడ పేరుంది, సొంతూరి పేరుంది. ఎందుకంటే దొర డబ్బు పెట్టి తెచ్చుకున్నాడు, లెక్క కావాలి. వర్క్‌హౌస్ కూడా అంతే, పన్ను కట్టేవాళ్ళకి పైసా పైసా లెక్క చెప్పాలి. వాళ్ళని మర్చిపోకుండా ఉంచింది ప్రేమ కాదు, ఖర్చు. మా ముత్తాత మేస్త్రీ దగ్గర అప్పు చేసి, స్టీమరు డెక్కు టికెట్టు కొనుక్కుని వెళ్ళాడు. ఆయన మీద ఎవడూ రూపాయి ఖర్చు రాసుకోలేదు. అప్పు లెక్క రాసుకున్న మేస్త్రీ చిట్టా ఏ ఆర్కైవ్స్‌కీ చేరలేదు.

సంక్రాంతికి మా ఇంట్లో పెద్దలకి బట్టలు పెడతారు. చాలా ఏళ్ళు ముత్తాతకి పెట్టలేదట. బతికున్నవాడికి పెడితే అరిష్టమని ఆయన భార్య పెట్టనిచ్చేది కాదు. ఆవిడ పోయిన ఏడాది నుంచి మా నానమ్మ పెడుతోంది, ఇద్దరికీ కలిపి. అంటే మా ఇంట్లో ఆయన చనిపోయింది ఆ ఏడాది.

బ్రూక్‌వుడ్ సంగతంతా నానమ్మకి ఫోన్లో చెప్పాను. కోసేవాళ్ళన్న ముక్క మింగేశాను.

"పోయిన ఎన్నో రోజున మట్టి చేశార్రా?"

"ఐదో రోజున."

"అంతా రాసిపెట్టారా?"

"రాసిపెట్టారు నానమ్మా."

కాసేపు మాట్లాడలేదు. లైను కట్టయిందేమోనని చూసుకున్నాను.

"పంచె పెట్టినప్పుడల్లా నాకో అనుమానం వస్తదిరా. ఒకవేళ అప్పటికింకా ఉన్నాడేమో, మనమే తొందరపడి పెట్టేశామేమో అని."

ఏం చెప్పాలో తెలియక ఊరుకున్నాను.

"అయినా ఉంటే మాత్రం ఏవుంది," అంది. "కొత్త పంచె కదా, కట్టుకుంటాడు."