పహాడ్ కనిపించని రోజులు



ఇంటర్ రిజల్ట్స్ వచ్చిన దగ్గర్నుంచి మా ఇంట్లో ఒకటే బహస్. మా పెద్దబిడ్డ బైపీసీలో మంచి మార్కులతో పాసైంది. చుట్టాలందరూ అడిగేది ఒకటే: "ఫార్మసీనా, నర్సింగా?" బిడ్డ మాత్రం సబ్జెక్టు పేరు చెప్పకుండా ఊరి పేరు చెబుతుంది. డార్జిలింగ్. అక్కడ డిగ్రీ చదువుతూ పహాడ్లు ఎక్కడం నేర్చుకుంటుందట.

నల్గొండలో పుట్టి పెరిగిన పిల్లకి ఈ షౌఖ్ ఎక్కడిదని అందరికీ హైరత్. నాకు లేదు. బస్సెక్కితే భువనగిరి ఎంత దూరం? ఊరి నెత్తిన ఒకే రాయిగా లేచిన ఆ గుట్ట, దాని మీద ఖిల్లా మనందరం చూసిందే. అక్కడ రాక్ క్లైంబింగ్ స్కూల్ ఉంది. పదో తరగతి సెలవుల్లో ఐదు రోజుల ట్రైనింగ్‌కి పంపితే, మోచేతులు గీరుకుపోయి, మొహం నల్లబడి, కళ్లు మెరుస్తూ వచ్చింది. నిజామాబాద్ జిల్లా పాకాల నుంచి వచ్చిన మాలావత్ పూర్ణ ఆ గుట్ట మీదే పాఠాలు మొదలుపెట్టింది. తర్వాత డార్జిలింగ్‌లో నేర్చుకుంది. 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కేనాటికి ఆమెకి పద్నాలుగేళ్లు కూడా నిండలేదు. కూలి చేసుకునే అమ్మానాన్నల బిడ్డ, గవర్నమెంటు గురుకులంలో చదివిన పిల్ల. అందుకే "ఇవన్నీ పైసలున్నోళ్ల షౌఖులు" అని ఎవరన్నా అంటే మా బిడ్డ దగ్గర జవాబు తయారుగా ఉంటుంది.

దాదీమా మాట వేరే. "లడ్కీ జాత్ హై దుల్హన్, పహాడాఁ చఢ్ కే క్యా కర్నా?" అన్నారు నాతో. వీళ్ల అబ్బా ఎప్పటిలాగే, "ఖర్చు సంగతి నేను చూస్తా, మిగతాది నువ్వు చూడు" అని దుకాణానికి వెళ్లిపోయారు. మిగతాది అంటే అంతా. ఆ జిమ్మేదారీ నా మీద పడింది.

నేను బిడ్డకి ఒక నోటుబుక్ ఇచ్చాను. "ఇజాజత్ తర్వాత అడుగుదువు బేటా. ముందు నేనడిగే వాటికి జవాబులు రాసుకురా" అన్నాను. నెల రోజులు పట్టింది. మన ఇళ్లల్లో ఇలాంటి ఖ్వాయిష్ ఉన్న పిల్లలు ఇంకా ఉంటారు, వాళ్ల అమ్మీ అబ్బాలకి పనికొస్తుందని ఇక్కడ రాస్తున్నాను.

మొదటిది, ఏ ఊరు? మూడు పేర్లు తెచ్చింది. ఉత్తరాఖండ్‌లో ఉత్తరకాశీ. అక్కడ 1965 నుంచి నెహ్రూ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మౌంటెనీరింగ్ ఉంది. మన దేశం నుంచి ఎవరెస్ట్ ఎక్కిన మొదటి ఆడమనిషి బచేంద్రీ పాల్‌ది ఆ జిల్లానే. 1984 మే 23న ఎక్కిందామె, తెల్లారితే ముప్పైయో పుట్టినరోజు. రెండోది మనాలీ. అక్కడా పర్వతారోహణ సంస్థ ఉంది, సోలంగ్ వైపు మంచు మీద స్కీయింగ్, బియాస్ నదిలో రాఫ్టింగ్ ఉన్నాయి. మూడోది డార్జిలింగ్.

ఉత్తరకాశీకి రైలు లేదు. రిషికేశ్ దగ్గరో డెహ్రాడూన్ దగ్గరో దిగి గంటలకొద్దీ ఘాట్ రోడ్డు. వానాకాలంలో కొండచరియలు పడితే ఆ దారీ మూసుకుపోతుంది. మనాలీలో టూరిస్టుల సందడి ఎక్కువ, డిగ్రీ కోసం కుల్లూ వైపు చూసుకోవాలి. డార్జిలింగ్‌లో కూడా చరియలు పడతాయి, కానీ ఊళ్లోనే కాలేజీలు ఉన్నాయి. హిమాలయన్ మౌంటెనీరింగ్ ఇన్‌స్టిట్యూట్ కూడా ఊళ్లోనే, జవహర్ పర్వత్ మీద. టెన్జింగ్ నోర్గే ఎవరెస్ట్ ఎక్కిన మరుసటేడు, 1954లో పెట్టారు దాన్ని. అక్కడ శిక్షణ చూసిన మొదటి డైరెక్టర్ ఆయనే. లేబాంగ్ రోడ్డులో ఆయన పేరుతో ఒక బండ ఉంది, ఎక్కడం నేర్చుకునేవాళ్లు దాని మీద తాళ్లు కట్టుకుని సాధన చేస్తారు.

ఇంకో సంగతి చెబితే దాదీమా కొంచెం మెత్తబడ్డారు. ఆ ఇన్‌స్టిట్యూట్ పక్కనే ఉన్న జంతువుల పార్కుకి పద్మజా నాయుడు పేరు పెట్టారు. సరోజినీ నాయుడు కూతురు, బెంగాల్ గవర్నర్‌గా చేసిన మన హైదరాబాదీ బేటీ. "అచ్ఛా, మనోళ్లు అప్పుడే పోయార్రా అక్కడికి" అన్నారు దాదీమా.

రెండో ప్రశ్న దగ్గర చాలామంది తడబడతారు. కాలేజీ వేరు, ఆ ఇన్‌స్టిట్యూట్ వేరు. ఇన్‌స్టిట్యూట్ డిగ్రీ ఇవ్వదు, కోర్సు సర్టిఫికెట్ ఇస్తుంది. కాలేజీ డిగ్రీ ఇస్తుంది, పహాడ్ ఎక్కించదు. కొండ ఊళ్లో కాలేజీలో చేరితే రోజూ కొండెక్కడమే అనుకుంటే పొరపాటు. బేసిక్ కోర్సు 28 రోజులు. అందులో బండలు ఎక్కడం, మంచు మీద నడక, ఐస్‌లో గొడ్డలితో మెట్లు చేసుకోవడం, వీపు మీద బరువుతో రోజులకి రోజులు నడవడం. ఏ గ్రేడ్ వస్తేనే అడ్వాన్స్ కోర్సుకి దారి.

మరి ఆ 28 రోజులు ఎక్కడ్నుంచి వస్తాయి? కోర్సులు జరిగేది వానలకి ముందూ వానల తర్వాతా. కాలేజీ క్లాసులు నడిచేది కూడా అప్పుడే. సెమిస్టర్‌కి 90 పనిదినాలు అనుకుందాం. 75 శాతం హాజరీ అంటే 68 రోజులు రావాలి. మిగిలేవి 22. కోర్సుకే 28 కావాలి! ఈ లెక్క మా బిడ్డ చేతే వేయించాను. చూసి కాసేపు మాట్లాడలేదు. తర్వాత తనే ఒక కాలేజీకి ఫోన్ చేసి అడిగింది. ఎన్‌సీసీలో చేరితే క్యాడెట్లకి ఈ సంస్థల్లోనే కోర్సులకి పంపే పద్ధతి ఉంది, ఏదైనా ముందే ప్రిన్సిపల్ దగ్గర రాతపూర్వకంగా అనుమతి తీసుకోమన్నారు. మాట మీద నమ్మకం పెట్టుకుని వెళ్తే పరీక్ష హాల్ టికెట్ దగ్గర ఆగిపోతారు పిల్లలు. కాగితం ఉండాల్సిందే.

మూడోది మన ఇళ్లల్లో ముందు అడిగేది: నమాజ్, లిబాస్, ఖానా.

డార్జిలింగ్ బజారులో జామా మసీదు ఉంది. హలాల్ గోష్త్‌కి ఇబ్బంది లేదు. కోర్సులో ఉన్న 28 రోజులు దాల్ చావల్‌తో ఉండగలవా అంటే ఉంటానంది. పహాడ్ మీద ముసాఫిర్‌కి దీన్ ఇచ్చిన రుఖ్సత్‌లు ఉన్నాయి కదా: నమాజ్ ఖసర్ చేయడం, నీళ్లు దొరక్కపోతే తయమ్ముమ్, ప్రయాణంలో విడిచిన రోజా తర్వాత ఖజా పెట్టుకోవడం. రంజాన్ కూడా ఇప్పుడు చలికాలం చివరికి వచ్చింది, ఏటేటా ఇంకా ముందుకి జరుగుతోంది, వేసవి కోర్సులకి అడ్డురాదు.

లిబాస్ సంగతి నేనే చూశాను, నేను కుట్టుపని చేసేదాన్ని కాబట్టి. హార్నెస్ అంటే నడుముకీ తొడలకీ బిగించే పట్టీలు. దాని కింద వదులు ప్యాంటు, మోకాళ్ల పైదాకా ఉండే చొక్కా హాయిగా సరిపోతాయి. దుపట్టా మాత్రం ఖతర్నాక్. కొస వేలాడితే తాడు జారే ఇనప పరికరంలో ఇరుక్కుంటుంది. పిన్నులు పెట్టే హిజాబ్ హెల్మెట్ కింద గుచ్చుకుంటుంది. తలకి అతుక్కునేలా, మెడ దాకా వచ్చేలా, ఒకే ముక్కగా, పిన్ను లేకుండా రెండు కుట్టి ఇచ్చాను. భువనగిరి గుట్ట మీద వేసుకుని చూసింది. "కదల్లేదమ్మీ" అంది. ఆ ఫికర్ అంతటితో తీరింది.

"మన ఆడపిల్లలు ఎవరు చేశారు ఇలాంటివి?" అని ఒక ఖాలా అడిగింది. 2013 మే 18న సౌదీ అమ్మాయి రహా మొహర్రఖ్ ఎవరెస్ట్ ఎక్కింది. మరునాడే, మే 19న, పాకిస్తాన్‌లోని షిమ్షాల్ అనే కొండపల్లె నుంచి వచ్చిన సమీనా బేగ్ ఎక్కింది. చెల్లెల్ని ఆ దారి పట్టించింది అన్న మిర్జా అలీ. 2022 జూలైలో ఆమె కే2 కూడా ఎక్కింది. ఖాలా ఇంకేం అడగలేదు, కానీ ఖుషీ కూడా అవలేదు.

నాలుగోది ఖతరా. దీని గురించి పిల్లతో తియ్యగా మాట్లాడదల్చుకోలేదు. 2022 అక్టోబర్ 4న ద్రౌపదీ కా డాండా శిఖరం దగ్గర హిమపాతం వచ్చింది. అడ్వాన్స్ కోర్సులో ఉన్న పిల్లలు, నేర్పేవాళ్లు అందులో చిక్కుకున్నారు. పాతిక మందికి పైగా పోయారు. వాళ్లలో సవితా కన్స్వాల్ అనే ఇన్‌స్ట్రక్టర్ ఉంది. ఆ ఏడాది మే నెలలోనే ఎవరెస్ట్, మకాలు రెండూ ఎక్కిన అమ్మాయి. అంటే ఖతరా రానివాళ్లకే కాదు, బాగా వచ్చినవాళ్లకీ ఉంటుంది.

ఇది దాదీమా ముందే చదివి వినిపించాను. దాచి ఇజాజత్ తీసుకోవడం నాకు ఇష్టం లేదు. ఆమె చాలాసేపు తస్బీ తిప్పుతూ కూర్చుని, "అక్కడ మనోళ్ల ఖబ్రస్తాన్ ఉందా?" అని అడిగారు. మా బిడ్డ మొహం పాలిపోయింది. నాకూ గుండె జారింది. ఆ ఒక్క మాటలో నెల రోజుల మా బహస్ అంతా ఉంది. నిదానంగా చెప్పాను: "అమ్మీజాన్, చదువుకునే మూడు నాలుగేళ్లలో కోర్సులకి పోయేది రెండు నెలలో మూడు నెలలో. అప్పుడు కూడా నేర్పేవాళ్లతోనే. మిగతా రోజులు క్లాసు, హాస్టల్. ఆ రెండు నెలల భయం మాత్రం నేను తీయలేను."

బిడ్డ అప్పుడు ఒక వాదా చేసింది. ఇన్‌స్టిట్యూట్ మనుషులు లేకుండా, దోస్తుల ముచ్చట మీద మంచులోకి పోను. నేర్పేవాళ్లు వెనక్కి తిరగమంటే శిఖరం ఎదురుగా ఉన్నా తిరుగుతా. నోటుబుక్‌లో రాసి సంతకం పెట్టింది. ముందు ఒంటెను కట్టు, తర్వాత తవక్కుల్ చెయ్యి అని మనం చిన్నప్పట్నుంచీ వింటున్నదే. తాడుకి ముడి వేసుకునే పిల్లకి ఆ మాట మనకన్నా బాగా అర్థమవుతుంది.

ఐదోది రోజీ. బేసిక్, అడ్వాన్స్ తర్వాత నేర్పడానికి సంబంధించిన కోర్సు ఉంది, ఆపదలో ఉన్నవాళ్లని కాపాడే కోర్సు ఉంది. అవి చేస్తే ఇన్‌స్ట్రక్టర్ పని దొరకొచ్చు. కానీ అది సీజన్ పని. మోకాలికి దెబ్బ తగిలితే ఆ రోజే ఆగిపోయే పని. అందుకే డిగ్రీ గట్టిగా ఉండాలన్నాను. బాటనీ తీసుకుంటానంది. డార్జిలింగ్‌లో 1878 నాటి లాయిడ్ బొటానికల్ గార్డెన్ ఉంది, చుట్టూ హిమాలయాల మొక్కలు. ఆ ఊరికీ ఆ సబ్జెక్టుకీ జోడీ కుదిరింది. నాకు మొదటిసారి ఇత్మినాన్ అనిపించింది అక్కడే. మా బిడ్డ కాలు బాగున్నా బాగలేకపోయినా ఆ ఊరు తనకి ఏదో ఒకటి నేర్పుతుంది.

చివరిది పైసా. నల్గొండలో ఫలక్‌నుమా ఎక్కితే మరునాడు సాయంత్రానికి హౌరా. అక్కడ్నుంచి సియాల్దా వెళ్లి రాత్రి డార్జిలింగ్ మెయిల్, పొద్దున న్యూ జల్పాయిగురి, అక్కడ్నుంచి షేర్ జీపులో మూడు గంటల పైనే ఘాట్ రోడ్డు. అంటే ఏడాదికి ఒకసారో రెండుసార్లో వస్తుంది. హాస్టల్, చలిబట్టలు, బూట్లు, కోర్సు ఫీజులు. ఇవికాక ఆపద వస్తే బాగ్‌డోగ్రాకి విమానం టికెట్ డబ్బులు ముట్టుకోకుండా పక్కన పెట్టాలి.

పెళ్లి కోసమని పదేళ్లుగా నేను మిషన్ మీద కుట్టి దాచిన పైసలు ఉన్నాయి. వాటినే తీస్తున్నాం. ఈ మాట రాయడం తేలికే, ఇంట్లో అనడం తేలిక కాలేదు. వచ్చిన ఒక రిష్తా వాళ్లు "అమ్మాయి అంత దూరం వెళ్తే మేం ఆగలేం" అన్నారు. వీళ్ల అబ్బా ఆ రోజు మొదటిసారి నోరు విప్పారు: "ఆగకండి మరి." అంతే అన్నారు.

ఫైసలా అయిపోయింది. దాదీమా హా అనలేదు, నా కూడా అనలేదు. చలికాలానికి ఊలు కొనమని డబ్బులు మాత్రం ఇచ్చారు.

భువనగిరి నుంచి డార్జిలింగ్ వెళ్లి బేసిక్ చేసొచ్చిన ఒక అమ్మాయి ఫోన్‌లో మాకో మాట చెప్పింది. కాలేజీలు మొదలయ్యేది వానల్లో. ఆ నెలల్లో ఊరంతా మబ్బు. 8,586 మీటర్ల కాంచన్‌జంగా ఎదురుగానే ఉన్నా వారాల తరబడి కనిపించదు. బట్టలు ఆరవు, గోడలు చెమ్మగిల్లుతాయి, తెలిసిన మొహం ఉండదు. అక్టోబర్ వచ్చేదాకా అంతే.

కొండ ఊళ్లో కాలేజీ వెతికే అమ్మీ అబ్బాలకి నేను చెప్పగలిగేది ఇదే. శిఖరం మీద జెండా పట్టుకున్న ఫోటో చూసి ఊరిని ఎంచుకోకండి. పహాడ్ కనిపించని రోజుల్లో అక్కడ మీ బిడ్డకి ఏముందో అడగండి. మంచి క్లాసు ఉందా, తినడానికి ఉందా, సజ్దా చేయడానికి చోటుందా, జ్వరమొస్తే తలుపు తట్టే మనిషి ఉందా. వీటికి జవాబులు దొరికితే మిగతాది పిల్లల కాళ్లకి, అల్లాహ్ రహమ్‌కి వదిలేయొచ్చు.

మా బిడ్డ కోసం దువా చేయండి.